తాగనివాడి లివర్

నేను కల్లు కూడా ముట్టని మనిషిని. బొగ్గుబాయిలో పనిచేస్తూ తాగనివాణ్ణి మా భూపాలపల్లిలో మనిషి కింద లెక్కపెట్టరు, అది వేరే సంగతి.

కళ్ళు పచ్చబడుతున్నాయని హన్మకొండ దవాఖానకు పోతే, పొట్టలోకి సూది దింపి లివర్ ముక్క తీశారు. వారం తర్వాత కుర్ర డాక్టరు రిపోర్టు చూసి, నా మొహమైనా చూడకుండా, "రోజుకు ఎంత తాగుతావు?" అన్నాడు. తాగనన్నాను. నవ్వాడు.

"ముక్క అబద్ధం చెప్పదు. ఇది తాగుబోతు లివరే."

ఇంకేం మందులు వాడుతున్నావని ఒక్క మాట అడగాలని ఆ మేధావికి తోచలేదు. పక్కనే నిలబడ్డ నా భార్య సాయమ్మ వాణ్ణి నమ్మింది. ఇన్నేళ్ళ కాపురంలో ఏనాడూ నా నోట తాగిన వాసన ఎరగని మనిషి, ఒక కాగితాన్ని నమ్మింది. లివర్ పాడైందన్న మాట కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మేం ఊరు చేరిన కొద్ది రోజులకే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలు బంద్, బస్సులు బంద్. సమ్మె అయ్యేదాకా వైన్ షాపు మూయించాలని శిబిరంలో గొంతు చించుకున్నది నేనే. రిపోర్టు సంగతి ఊరంతా పాకాక ఇక చెప్పాలా? రోడ్డు మీద వంటావార్పు నాడు మా బావమరిది వెంకట్రాం, పగలే కళ్ళు ఎర్రబడ్డ మహానుభావుడు, గరిటె పట్టుకుని వచ్చాడు.

"బావకు పులుసు జర ఎక్కువ పొయ్యుండ్రి. రాత్రిది దిగుతది."

అందరూ నవ్వారు. అందులో సగంమంది అప్పటికే తాగి ఉన్నారు.

సాయమ్మ నవ్వలేదు. నా గుండెదడకు వాడే గోలీలను కొంగున ముడేసుకుని తిరుగుతోంది, తాగుబోతు చేతికిస్తే మరిచిపోతాడని. అందరి ముందూ ముడి విప్పి ఒకటి నా అరచేతిలో పెట్టింది.

"మింగు. ఏదీ, నోరు తెరువు."

తెరిచాను. ఇదివరకు అప్పుడప్పుడు మరిచేవాణ్ణి, ఆమె చేతికొచ్చాక ఒక్క పూట తప్పలేదు. కళ్ళు ఇంకా పచ్చబడ్డాయి, కాళ్ళు ఉబ్బాయి. "ఎవలు తెచ్చిస్తున్నరు? యాడ తాగుతున్నవ్?" అని సతాయించింది. జవాబివ్వడం మానేశాను.

సమ్మె ముగిశాక ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె ముందు అడిగిందే మందుల సంగతి. సాయమ్మ కొంగు విప్పింది. గోలీల అట్ట తిప్పి చూసి, ఎన్నేళ్ళ నుంచి అని అడిగి, డాక్టరమ్మ అట్టను తన దగ్గరే పెట్టేసుకుంది.

"గుండెకు మంచిదే, కానీ ఈ మందు కొందరి లివర్‌ను పాడుచేస్తుంది. ముక్క తీసి చూస్తే అచ్చం తాగేవాళ్ళ లివర్‌లాగే ఉంటుంది. ఇవాళే ఆపుదాం, గుండెకు వేరేది రాస్తాను. లివర్ ఎంతవరకు కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేను."

బయట బల్ల మీద కూలబడింది సాయమ్మ. ఖాళీ కొంగును మళ్ళీ ముడేస్తోంది.

"నా చేతుల్తోనే పెట్టిన. నోరు తెరిపిచ్చి మరీ చూసిన," అంది. "నువ్వు తాగలే. నాకిప్పుడు నమ్మకమైంది."

జాలి వేసింది. అయినా నోరు ఊరుకోలేదు.

"అప్పుడూ డాక్టరునే నమ్మినవ్, ఇప్పుడూ డాక్టరునే నమ్మినవ్. నన్ను ఎన్నడు నమ్ముతవ్ సాయమ్మా?"

ఆమె ముడి వేయడం ఆపేసింది.