గుంపుగానా, గుంపుకొకరా

మా అక్క మొగుడు హాతీరాం మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాత అనాల్సినవన్నీ హాయిగా అనొచ్చు. బావ ఇల్లు పై తండాలో, నీళ్ల ట్యాంకు పక్కనే. పోయినసారి నీళ్ల కమిటీకి గెలిచిన ముగ్గురి ఇళ్లూ ఆ ట్యాంకు చుట్టే ఉన్నాయి. అందులో వింతేమీ లేదు. పంచాయతీ అంతా కలిసి ముగ్గురినీ ఎన్నుకుంటే, జనం ఎక్కువున్న పై తండా ఎవరిని అనుకుంటే వాళ్లే గెలుస్తారు.

నాది కింది తండా. మా నల్లాలో నీళ్లు వస్తాయి గానీ బతిమాలించుకుని వస్తాయి. వాగు అవతల మద్దిగుంపులో కోయవాళ్ల ఇళ్లకు ఆ మాత్రం కూడా రావు. అక్కడి భీమక్కా నేనూ మిరప తోటల్లో కూలికీ, ఎండాకాలం తునికాకుకూ కలిసే పోతాం. పోయినసారి ఆమె కమిటీకి నిలబడింది. మద్దిగుంపు ఓట్లన్నీ ఆమెకే పడ్డాయి. అయినా ఓడిపోయింది.

"మావోళ్లందరు వేసినా ఓడిపోతి. ఇంకెట్ల గెలుస్త చెల్లె?" అని నన్నడిగింది. నాకు కోపం వచ్చింది.

ఈసారి కొత్త కమిటీని వేసేముందు ఎట్లా ఎన్నుకోవాలో గ్రామసభలోనే తేల్చుకోమన్నారు. ఎప్పటిలాగే అందరూ కలిసి ముగ్గురినీ ఎన్నుకోవడం ఒక పద్ధతి. పై తండా, కింది తండా, మద్దిగుంపు, ఎక్కడివాళ్లు అక్కడ తమ మనిషిని ఎన్నుకోవడం ఇంకో పద్ధతి. భీమక్క ఇస్త్రీ చీర కట్టుకుని, వాళ్ల పెద్దమనిషి దూలయ్యతో పాటు డోళ్లవాళ్లను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. డోళ్లెందుకని అడిగాను.

"గెలిచినంక ఇంటికి పోయి తెస్తమా?" అంది. ఆ ధీమా చూస్తే నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది.

పంచాయతీ కార్యదర్శి కళ్యాణి కొత్తగా వచ్చిన అమ్మాయి, ఊరు మధిర దగ్గర. మంచి పిల్ల. రెండు పద్ధతులనూ ఆఫీసు తెలుగులో చదివి వినిపించింది. ఒక్కరికీ ఎక్కలేదు. సరే, సులువుగా చెబుదామనుకుంది పాపం, అక్కడే పప్పులో కాలేసింది.

"మరి గుంపుగా ఎన్నుకుందామనేవాళ్లు చేతులెత్తండి," అంది.

అప్పుడు లేచిన చేతులు చూడాలి! పై తండా మొత్తం ఎత్తింది. మద్దిగుంపు మొత్తం ఎత్తింది. భీమక్క అయితే రెండు చేతులూ ఎత్తేసింది. ఆమె ఎత్తింది కదా అని మేమూ ఎత్తాం.

"ఏకగ్రీవమండీ!" అని కళ్యాణి సంబరంగా చప్పట్లు కొట్టింది. డోళ్లు అందుకున్నాయి. మా బావ దూలయ్య భుజం మీద చెయ్యేసి గంతులేశాడు. ఏళ్లుగా ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకున్నది లేదు.

డోళ్లు ఆగీ ఆగకముందే బావ ముందుకొచ్చాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా. "అయితే ముగ్గురి పేర్లు నేను చెప్తున్న, రాసుకోండ్రి," అని పై తండా పేర్లే మొదలుపెట్టాడు.

"ఆగు నాయకా," అన్నాడు దూలయ్య. "మీ తండా పేరు చెప్పుకో. మా గుంపుకు భీమక్క."

"గదేంది? గుంపుగ అంటే మీరు గూడ చేతులెత్తితిరి గదా!"

"అవ్, ఎత్తినం. గుంపుకొకరు."

అప్పుడు అర్థమైంది అందరికీ. మధిర పిల్లకు గుంపంటే జనం, అందరూ కలిసి ఉండటం. మా అడవిలో గుంపంటే కోయవాళ్ల ఊరు. ఆమె ఒకటి చెప్పింది, వీళ్లు ఇంకోటి విన్నారు. ఒకే మాటతో రెండు పక్షాలూ గెలిచేసి, ఒకే డోలుకు గంతులేశాయి.

"అయ్యో, నేనన్నది అందరూ కలిసి అనండీ," అంది కళ్యాణి.

"విన్నరా?" అని బావ గొంతు పెంచాడు. "మేడం చెప్పిందే లెక్క. గుంపంటే అందరు. ఇంకో అర్థమే లేదు!"

భీమక్క చేతులు దించి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చుంది. ఆమె మొహం చూడలేకపోయాను. లేచాను.

"బావా, మరి వాగు అవతల ఉన్నదేంది?"

"నువ్వు కూసో మంగమ్మా! కింది తండాదానివి, ఆ గుంపోళ్ల ముచ్చట నీకెందుకు?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. "ఏ గుంపోళ్లు బావా?" అని నేను నెమ్మదిగా అడిగాను. అంతే, సభంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయన పెళ్లామే, మా సోని అక్క.

కళ్యాణి కూడా నవ్వు ఆపుకుని, ఈసారి గుంపు అన్న మాటే ఎత్తకుండా అడిగింది. "ఎక్కడివాళ్లు అక్కడ ఎన్నుకుందామనేవాళ్లు చేతులెత్తండి."

మద్దిగుంపు ఎత్తింది. కింది తండా మాత్రం చుట్టరికాలు చూసుకుంటూ పై తండా వైపు దొంగచూపులు చూస్తోంది. నాకు ఒళ్లు మండింది. "ఎవని దిక్కు చూస్తుర్రు? మీ నల్లా దిక్కు చూసుకోండ్రి!" అని అరిచాను. ఒక్కొక్క చెయ్యీ లేచింది. అయినా చాలలేదు, పై తండా మా రెండిటి కంటే పెద్దది.

అప్పుడు సోని అక్క చెయ్యెత్తింది.

"ఏందే?" అన్నాడు బావ.

"మా అమ్మ ఉండేది కింది తండాలనే. ఆమె నీళ్లు తాగదా?" అంది అక్క. కింది తండా నుంచి అత్తారింటికొచ్చిన కోడళ్లు పై తండాలో తక్కువేం లేరు. వాళ్ల చేతులూ వరసగా లేచాయి. బావ చుట్టూ చూశాడు, తల గోక్కున్నాడు, తనే పకపకా నవ్వాడు.

"ఇంట్లనే ఓడిన. ఇంక చెయ్యి దాసుకుని ఏం జేస్త?" అని ఆయనా ఎత్తేశాడు. చెప్పాను కదా, మంచివాడేనని.

మద్దిగుంపు నుంచి భీమక్కకు పోటీయే లేదు. కొత్త కమిటీ మొదటిసారి కూర్చున్నప్పుడే, ట్యాంకు నిండగానే ముందు వాగు అవతలికి వదలాలని పట్టుబట్టి ఒప్పించింది. ఆ మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ చేసింది.

"చెల్లె, ఇను," అంది. ఫోన్ దేనికో దగ్గరగా పెట్టినట్టుంది. దబదబా చప్పుడు, వెనకాల పిల్లల కేకలు.

"నల్లానేనా భీమక్కా? ఎట్లొస్తున్నయి? కొంచెం చెప్పు!"

"చెప్పనీకి టైం యాడిది? బిందె నిండింది, పెట్టేస్తున్న," అంది.