నువ్వన్నది ఎవరిని

అమ్మను తిరునెల్వేలి ఆసుపత్రిలో చేర్చారు. గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. నాన్న అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో నేనూ నాన్నమ్మా మిగిలాం. నాన్నమ్మను మేం ఆచ్చి అంటాం. ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. నేను చాపలు పరిచి, తాటిబెల్లం కాఫీ కాచి, తలమీద ముసుగు సర్దుకుని తలుపు పక్కన ఒదిగి కూర్చున్నాను.

పాటలయ్యాక ఉపదేశియార్ నా వైపు చూశారు. పాస్టరు రాని రోజుల్లో మా గుడిని నడిపేది ఆయనే.

"తల్లి కోసం కూతురు ప్రార్థిస్తే బాగుంటుంది. కిరుబా, నువ్వు చెయ్యమ్మా."

బళ్ళో పేరు పిలిస్తేనే లేచి నిలబడలేను. పైగా నాకు ఒక మాటతో ఇబ్బంది. మా వైపు తమిళ ప్రార్థనలో దేవుణ్ణి 'నీర్' అంటారు. నువ్వుకీ మీరుకీ నడిమి మాట అది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అలా పిలవరు. టీకొట్టు దగ్గర ముసలాళ్ళు ఒకరినొకరు దెప్పుకునేటప్పుడు మాత్రం అంటారు. గుడిలో ఆ మాట విన్నప్పుడల్లా దేవుడు కోటు వేసుకుని ఎక్కడో ఎత్తు కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. అంత దూరంలో ఉన్నవాడికి మా అమ్మ ఏ మంచం మీద ఉందో ఎలా తెలుస్తుందో నాకు అర్థం కాదు.

కళ్ళు మూసుకున్నాను. బట్టీ పట్టిన వాక్యాల్లో ఒక్కటీ రాలేదు.

"నువ్వు అమ్మ దగ్గరికి వెళ్ళు," అన్నాను. "అమ్మకు సూదంటే భయం. పక్కనే కూర్చో."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆమెన్ అనడం కూడా మరిచిపోయాను. ఉపదేశియార్ గొంతు సవరించుకుని, తానే పెద్ద ప్రార్థన చేసి ముగించారు. అందులో మాటమాటకీ నీర్ ఉంది.

నేను గ్లాసులు తీస్తుంటే చిత్తి దగ్గరికొచ్చింది. ఆమె అమ్మ చెల్లెలు.

"ఏమే, దేవుడు నీ బెంచీలో కూర్చుని చదువుతున్నాడా? మేకను తోలినట్టు వెళ్ళు, కూర్చో అంటావు. రేపు ఆపరేషన్ పెట్టుకుని ఇదేం మాటే?"

అప్పుడు పట్టుకుంది నాకు భయం. నా మాట వల్ల అమ్మకేమైనా అయితే?

వంటింట్లో ఆచ్చి బియ్యం కడుగుతోంది. "ఆచ్చీ, నేను దేవుణ్ణి చిన్నబుచ్చానా?" అని అడిగాను.

"నాకేం తెలుసు పిల్లా. నేను గుడిలో నీర్ అంటాను, పొయ్యి దగ్గర నువ్వు అంటాను. మీ తాత ఉన్నప్పుడు ఆయనతోనూ అంతేగా. నలుగురిలో 'వారు', ఇక్కడ 'ఓ ముసలోడా'."

"నువ్వు అంటే దేవుడు పలికాడా?"

"పలికాడో లేదో. తడి కట్టెలైనా పొయ్యి అంటుకునేది."

అది జవాబో కాదో నాకు తెలియలేదు.

పొద్దున నాన్న ఫోన్ చేశాడు. "లోపలికి తీసుకెళ్తున్నారు. మీ అమ్మ నిన్ను ప్రార్థన చెయ్యమంటోంది," అని ఫోన్ అమ్మకిచ్చాడు. పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడిన చిత్తి 'నీర్ అను' అని పెదవులతోనే చెప్పింది.

"పరలోకమందున్న తండ్రీ, నీర్..." అన్నాను. ఆ పైన ఒక్క మాటా రాలేదు. ఫోన్లో అమ్మను తోసుకెళ్ళే బండి చక్రాల చప్పుడు, అమ్మ ఊపిరి వినిపిస్తున్నాయి.

"నువ్వు దగ్గరే ఉన్నావు కదా," అన్నాను.

"ఉన్నానే," అంది అమ్మ. "ఎక్కడికి పోతాను."

నేను అడిగింది అమ్మను కాదు. ఆ సంగతి చెప్పాలో వద్దో తోచలేదు.

"చెయ్యి వదలకు," అన్నాను.

"వదలను."

గొంతు అమ్మదే. నిన్న ఫోన్లో మాట్లాడినప్పటి వణుకు మాత్రం అందులో లేదు. అంతలో నాన్న ఫోన్ తీసుకుని, ఆపరేషన్ గది తలుపులు వేశారన్నాడు.

"ఎవరితో మాట్లాడావే? అక్కతోనా, దేవుడితోనా?" అంది చిత్తి.

"దేవుడితోనే చిత్తీ. కానీ అమ్మ పలికింది."

ఆమె ఈసారి దెప్పలేదు. గుమ్మం దాటి లోపలికొచ్చింది.

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చాప మీద కూర్చున్నాను. అది మళ్ళీ మోగేదాకా చెయ్యడానికేమీ లేదు. కళ్ళు మూసుకుని, "నువ్వు ఇక్కడ కూడా కూర్చో," అన్నాను.

"సరే, జరుగు," అని చిత్తి నా పక్కన చతికిలబడింది.

నేను కొంచెం జరిగాను.