దొరసాని గీసిన గట్టయ్య

గనిలో కొత్త యంత్రాలు బిగించడానికి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఆయన భార్య హెల్గా గోదావరిఖని అంగట్లో సమ్మవ్వ దగ్గరే వంకాయలు కొనేది. ఒక్కొక్కటి వెలుతురుకు తిప్పి చూసి, వంకరవే ఏరుకునేది.

అది 1972 ఎండాకాలం. సమ్మవ్వ ఉండబట్టలేక, ఆ ఇంట్లో వంటచేసే సువార్తను అడిగింది.

"గా వంకర కాయలు ఏం వండుతవక్కా?"

"వండనిస్తెనా! బల్ల మీద పెట్టి బొమ్మలేస్తది. వాళ్ల నాయిన గూడ గదే పని జేసేటోడట. మనుషులు, చెట్లు, పండ్లు."

"వంకాయను ఏస్తె ఏమొస్తది?"

"నాకేం ఎరుక? వచ్చి చూడరాదు."

మరునాడు సమ్మవ్వ గంపతోనే వెళ్లింది. గదంతా రంగుల నూనె వాసన. బొమ్మలోని వంకాయ మీద సన్నటి తెల్లని మెరుపు ఉంది. గంపలో చూసుకుంటే తన కాయల మీదా ఉంది. ఇన్నేళ్లు అమ్మినా కనబడలేదు.

గోడ పొడవునా ఇంకా బొమ్మలున్నాయి. గోదావరి ఒడ్డు, బొగ్గు కుప్పలు, తర్వాత మనుషుల ముఖాలు. ఒకదాని ముందు ఆమె ఆగిపోయింది. మసి పట్టిన ముఖం, ఎర్రబడ్డ కళ్లు, కనుబొమ్మ మీద ఏటవాలు మచ్చ.

"అక్కా, గీయన ఎవలు?"

సువార్త హెల్గాను అడిగి చెప్పింది. "పేరు తెల్వదట. షిఫ్టు దిగి పైకొస్తుంటె గీసిందట."

"గీ మచ్చ మా ఆయనదే."

గట్టయ్య గని దగ్గరే స్నానం చేసి, తల దువ్వుకుని ఇంటికొచ్చేవాడు. ఈ ముఖాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. సంగతి తెలిసి హెల్గా బొమ్మను గోడ నుంచి తీసి చేతికివ్వబోయింది. సమ్మవ్వ వద్దంది.

"నీ కాడనే ఉండనియ్యి దొరసానీ. నాకు మనిషే ఉన్నడు."

ఆ సాయంత్రం అన్నం పెడుతూ గట్టయ్యను అడిగింది.

"లోపల ఎట్లుంటది?"

"ఎట్లుంటదేంది? చీకటి."

"గంతేనా?"

అతను ముద్ద కలపడం ఆపాడు. "పైకప్పుకు కట్టెలు నిలబెడ్తం. బరువు పడితె కిర్రుమంటయి. గా సప్పుడు ఇనుకుంటనే పని జేస్తం. ఇయ్యాల ఎందుకడుగుతున్నవ్?"

బొమ్మ సంగతి చెప్పింది.

"మంచిగున్ననా?"

"భయపడ్డట్టున్నవ్."

గట్టయ్య మెల్లగా, మొదటిసారి గనిలోకి దిగిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. సమ్మవ్వ కంచం పక్కనే కూర్చుండిపోయింది.