గౌనుకు కాపలా

నేను ఒక తాళంకప్పను. అలీగఢ్‌లో ఇత్తడి కరిగించి నన్ను పోతపోశారు. నా మొదటి యజమాని ఒక గోదాం షావుకారు. నన్ను బిగించాక మూడుసార్లు లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ లాగేవాడు. ఎవర్నీ నమ్మకూడదన్న బుద్ధి నాకు అక్కడే అబ్బింది.

తర్వాత సరుకుల ఓడలో పనిచేసే తవిటినాయుడి రేకుపెట్టెకు చేరాను. పెట్టెలో అతని బట్టలు, ఓడ కాగితాలు, సింగపూర్‌లో కొన్న పసుపుపచ్చ గౌను. అతని కూతురికి అప్పుడు నాలుగో నెల. భార్య ఇంకా టెక్కలిలో పుట్టింట్లోనే ఉంది. పిల్ల మొహం అతనింకా చూడనేలేదు.

ఓడ విశాఖపట్నంలో ఆగింది. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ ఎక్కాలి. మధ్యాహ్నం రెండింటి బస్సు పట్టుకుంటే రాత్రికి పిల్ల దగ్గరుండి, తెల్లారకముందే బయల్దేరి తిరిగి రావచ్చు. ఈలోగా ఆ ఊళ్లోనే ఉన్న మేనత్త పైడమ్మను పలకరిద్దామని వెళ్లాడు. చేసిన తప్పల్లా అదే.

"ఓలమ్మో, ఎంత సిక్కిపోనావురా నాయనా! రెండు ముద్దలు తినీసి ఎల్దువుగాని."

ఆ రెండు ముద్దలకి కోడిని కోశారు. అతని చేత మావయ్య లుంగీ కట్టించి, ఒంటిమీది బట్టలు బకెట్లో నానబెట్టేసింది అత్త. చుట్టాలంతా దిగారు. "పెట్టెలో ఏటున్నాయిరా?" అని ప్రతివాడూ నా వంకే చూశాడు. సెంటు సీసాల కోసమే ఈ ప్రేమంతా అనుకుని పళ్లు బిగించాను. అనుకున్నట్టే అతను చెయ్యి కడుక్కునేలోగా పైడమ్మ పెట్టెను లాక్కుపోయి, అటకమీద బియ్యం బస్తాల వెనక పెట్టింది. దొంగ దొరికింది! ఎప్పుడు నామీద సుత్తి పడుతుందా అని కాచుకున్నాను.

ఎవరూ నన్ను ముట్టుకోలేదు.

"అత్తా, నా పెట్టె ఏదే? బస్సు ఎల్లిపోతాది. పిల్లని సూడాల" అని కింద తవిటినాయుడు బతిమాలుతున్నాడు.

"పెట్టె ఇస్తే ఎలిపోవేటి? పిల్లెక్కడికి పోద్దిరా? గారెలేస్తన్నాను."

అందరూ పకపకా నవ్వారు. వచ్చినవాళ్ల చెప్పులో సంచులో దాచేసి ఆపడం ఆ ఇంటి మర్యాదట. ఆఖరి బస్సు పోయాకే పెట్టె కిందకి దిగింది. అత్త ఆనందం చూసి అతను ఇంకో గారె అందుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. సుత్తి పట్టుకొచ్చే దొంగయితే ఎదిరించేదాన్ని. ఆవిడనేం చేస్తాను?

పదకొండు నెలలకి టెక్కలిలో ఆ గౌను కోసం నన్ను తెరిచారు. గౌను పిల్ల తలకే పట్టలేదు. ఈ కొత్త మనిషిని చూసి అది ఏడుస్తూ తల్లి వెనక దాక్కుంది. తవిటినాయుడు గౌను మడిచి మళ్లీ పెట్టెలో పెట్టాడు.

ఇప్పుడు నాకు చిలుము పట్టింది. పెట్టెలో ఆ గౌను తప్ప ఏమీ లేదు. దాన్ని ఏ దొంగా ఎత్తుకుపోడు. అయినా టెక్కలిలో గౌను మడిచి పెట్టిన ఆ రోజు అతను నన్ను బిగించి, మూడుసార్లు లాగి చూశాడు.