నడిమి జెండా

సముద్రం ఒడ్డున పొద్దున పాతిన మూడు ఎర్రజెండాల్లో నడిమిది మాయమైందని జగదీశ్వర్ గమనించేసరికి, సరిగ్గా అది ఉన్న చోటికి ఎదురుగా అతని భార్య యమున నడుములోతు నీళ్లలో నిలబడి ఫోటో దిగుతోంది.

గోదావరిఖని నుంచి కాలనీవాళ్లను బస్సెక్కించి చీరాల దగ్గరి ఈ బీచికి తీసుకొచ్చింది జగదీశ్వరే. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ఓవర్‌మన్. షిఫ్టుకు వచ్చిన ప్రతి మనిషినీ క్షేమంగా ఇంటికి పంపే పూచీ అతనిది. సెలవు పెట్టినా ఆ అలవాటు సెలవు పెట్టలేదు. బస్సు దిగగానే అందరినీ వరసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టాడు.

చూడటానికి మంచి రోజే. ఎండ కాస్తోంది, మబ్బు లేదు, గాలి కూడా లేదు. అలలు మాత్రం మొక్కజొన్నపొత్తుల బండ్ల చక్రాలు తడిపి పోతున్నాయి. ఎక్కడో మహాసముద్రం నడుమ తుఫాను లేస్తే దాని అలలు ఇక్కడికి ఎండలోనే వస్తాయనీ, పోటు వేళకు నీళ్లు దుకాణాల్లోకి రావచ్చనీ ఒడ్డున కాపలా ఉన్న కానిస్టేబుల్ చెప్పాడు. నడిమి జెండా సంగతి విడిగా చెప్పాడు. అక్కడ అలలు విరగవు, నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ లోపలికి తిరిగిపోయే దారి అదే. మనిషి దొరికితే మనిషినీ వెంట తీసుకుపోతుంది.

జగదీశ్వర్ ఇదంతా తనవాళ్లకు ఒక్క మాటలో చెప్పాడు. జెండా దాటి ఎవరూ పోవద్దన్నాడు. ఎవరూ వాదించలేదు. బాంబులు పెట్టి మట్టి పేల్చే గనుల పక్కన బతికేవాళ్లు ఎర్రజెండాను ఎందుకని అడగరు. జెండా ఉంటే ఆగుతారు, తీస్తే నడుస్తారు.

తర్వాత పోలీసు జీపు సైరన్ కొడుతూ వచ్చి బస్సులు, బండ్లన్నీ మెరక మీదికి మార్చమంది. అతను బస్సు మార్పించడానికి వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే ఇదీ సంగతి.

బయటికి రమ్మని అరిచాడు. ఫోటోలోకి తనూ వస్తానంటున్నాడనుకుని యమున చెయ్యి ఊపి పిలిచింది. వెనక నుంచి అల లేచింది.

అది వెనక్కి పోయాక, యమున పక్కన నిలబడ్డ, వాళ్ల కాలనీ పూలమ్మ నోట్లో ఇసుకతో పాకుతూ ఒడ్డుకు వచ్చింది. యమున రాలేదు. ఆమె తల దూరంగా, ఆ నిమ్మళమైన నీళ్ల మధ్య తేలి లోపలికి పోతోంది.

జగదీశ్వర్ పరుగెత్తాడు. కానిస్టేబుల్ వెనక నుంచి అతని కాలరు పట్టుకున్నాడు.

"మీరు దిగితే ఇద్దర్ని వెతకాలండీ," అన్నాడు, బస్సు టైము చెప్పినట్టు. ఒడ్డు వైపు ఈదొద్దని, వెల్లకిలా తేలమని కేకేయమన్నాడు. కేకేస్తూ ఉండమని తాను తాడు కట్టిన ట్యూబు కోసం పోయాడు.

"యమునా, ఒడ్డు దిక్కు కొట్టుకోకు! ఎల్లకిల పండు! చెయ్యి లేపు!"

పెళ్లయినప్పటి నుంచి యమున అతని మాట మొదటిసారికే విన్నది లేదు. ఆ రోజు విన్నది. చెయ్యి లేచింది. నీళ్లు ఆమెను కొంత లోపలికి లాగి, అక్కడ పట్టు సడలి పక్కకు వదిలేశాయి. అలలు విరిగేచోట కానిస్టేబుల్ విసిరిన ట్యూబు అందింది. ఒడ్డున ఉన్న జాలర్లు తాడు లాగారు.

ఒడ్డున యమున ఉప్పునీళ్లు కక్కి, పూలమ్మ బతికే ఉందని చూసుకుని, తన చెప్పులేవని అడిగింది. జగదీశ్వర్ తన చెప్పులు విప్పి ఆమె ముందు పెట్టాడు.

కానిస్టేబుల్ జెండా పాతిన చోటికి వెళ్లాడు. కర్రతో సహా పోయింది. అనుమానం యమున ఫోటో తీసిన కుర్రాడి మీదికి పోయింది, ఒడ్డున ఫోటోలు తీసి అమ్ముకునేవాడు. జెండా ఉంటే ఎవరూ దిగరు, దిగకపోతే ఫోటోలు అమ్ముడుపోవు. కుర్రాడు పిల్లల మీద ఒట్టేశాడు. పిల్లలెంతమందని కానిస్టేబుల్ అడిగితే ఇంకా పెళ్లి కాలేదన్నాడు. దాంతో మెడ మీద చెయ్యి పడింది.

జగదీశ్వర్ కూడా వాడే అనుకున్నాడు. గుంత చూసేవరకు. గుంతలో ఇసుక నింపి ఉంది. మనిషి కాలు పడితే మడమ తిరగకుండా పైన తొక్కి చదును చేసి ఉంది. దొంగ ఆ పని చెయ్యడు. అల అసలే చెయ్యదు.

వెనక్కి వచ్చి, అంత చెప్పినా అక్కడెందుకు దిగావని భార్యను అడిగాడు.

"జెండ లేకుండె. తీసిన్రంటె దారి ఇచ్చినట్టే గద," అన్నది యమున, ఇందులో అడగడానికేముందన్నట్టు.

జగదీశ్వర్ తల తిప్పి తనవాళ్లను చూశాడు. అందరూ యమున చుట్టూ మూగారు. పూలమ్మ మొగుడు సదయ్య మాత్రం లేడు. సర్వీసంతా జగదీశ్వర్ షిఫ్టులో పేలుడు మందు గ్యాంగులోనే పనిచేసినవాడు. గనిలో పేలుడు అయ్యాక జెండాలు పీకి గుంతలు పూడ్చేది ఆ గ్యాంగే. భార్య వణుకుతుంటే దగ్గరికి కూడా రాలేదు.

"మన సదయ్య ఏడి?"

సదయ్య అప్పటికే బస్సు దగ్గర్నుంచి ఒడ్డు వైపు నడుస్తున్నాడు. చేతిలో కర్రకు చుట్టిన ఎర్రగుడ్డ, విప్పిపోకుండా దారంతో ముడేసి ఉంది. కానిస్టేబుల్ ముందు ఆగి, జెండా రెండు చేతులతో అప్పగించి, జగదీశ్వర్ వైపు తిరిగాడు.

"ఆ పిలగాన్ని ఇడువమనున్రి సార్. మన ముందటి జెండ తీసింది నేను. జీపోళ్లు సైరన్ కొట్టిన్రు, జనమంత ఎనకకు జరిగిన్రు. గప్పుడు గంత పెద్ద అల పడ్డది, కాళ్లకింద నేల అదిరింది. మల్లోసారి సైరన్ కొట్టుకుంట జీపు పోయింది. మన గనిల రెండో సైరన్ పడితె పేలుడు అయిపోయినట్టే గద, ఇదీ గట్లనే అనుకున్న. అయిపోయినంక జెండ ఉంచితె దారి బందైతది, మీరే కోప్పడ్తరు. తీసిన, గుంత పూడ్చిన. ఇగ పోవచ్చని పూలమ్మకు నా నోటితోనే చెప్పిన. ఆమె యమునమ్మను తోలుకపోయింది. మన దగ్గర పేలుడు ఒక్కపారి అయితది, అయిపోతది సార్. ఇది అయిపోనే అయిపోదని నాకు సోయి లేకపాయె."