బొటనవేలికి అంటిన మట్టి

తెనాలిలో నా స్టూడియోకి పేరొచ్చిందే టచింగ్ వల్ల. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్ ఆడించానంటే మశూచి మచ్చలు కూడా మాయమయ్యేవి. నాగుల్ మీరా ఫొటో తీస్తే కాకి కూడా హంసవుతుందనేవాళ్ళు. ఆ పొగరే నన్ను ముంచింది.

1971 ఫిబ్రవరి ఆఖర్లో బాపట్ల రోడ్డు మీద లారీ ఒకటి సింగరయ్య సైకిల్ని గుద్దేసింది. రేపల్లె వైపు నుంచి చేపల తట్ట కట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. ఎడమ కాలు తీసేశారు. పది రోజులు స్పృహ లేదు. నష్టపరిహారం కేసుకి దెబ్బల ఫొటోలు కావాలని వకీలు చెబితే, అతని భార్య గంగరత్నం నన్ను ఆస్పత్రికి పిలిపించింది. నేను వెళ్ళేసరికి ఆమె గంజి తేవడానికి వెళ్ళింది. సింగరయ్య తమ్ముడు ముత్యాలరావే మంచం పక్కన నిలబడి, మోచేతి గాయం కనిపించేలా అన్న ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు.

మర్నాడు ప్రింట్ల కోసం వచ్చిందీ అతనే.

"బొటనవేలికి మట్టంటిందండి. కోర్టువాళ్ళు చూసేది కదా, కాస్త శుభ్రం చెయ్యండి," అన్నాడు.

ఆ వేలితో పాటు, దాన్ని పట్టుకున్న అతని వేళ్ళ మీది మరకలు కూడా అడక్కుండానే పోగొట్టాను. ఎవడు చెప్పాడు నాకు!

నాలుగు నెలల తర్వాత గంగరత్నం మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. అతను ముందు గదిలో బల్ల మీద కూర్చున్నాడు. ఆమె నా చీకటి గది గుమ్మం దాకా వచ్చింది.

"లారీవాళ్ళు కోర్టులో కాయితం పెట్టారండి సాయిబు గారూ. రాజీ అయిపోయిందని, ఇంకేం అడగనని మా ఆయన వేలిముద్ర వేశాడంట. మార్చి నాలుగో తారీకంట. ఆ రోజు ఆయనకి ఒంటి మీద తెలివే లేదండి! కాలు ఎటూ పోయింది, ఇక కేసూ పోద్ది. అప్పుడాయన ఎలా ఉన్నాడో కోర్టుకి చూపించడానికి ఆ చేతి ఫొటో పెద్దది చేయించమన్నారు వకీలు గారు."

నెగటివ్ కవరు తీశాను. దాని మీద నా చేతిరాతే: మార్చి 4, మధ్యాహ్నం. రోజుల తరబడి ఆస్పత్రి మంచం మీద పడున్నవాడి వేలికి మట్టెక్కడిది?

పెన్సిల్ గీతలు పెట్టింది నేనే, తియ్యడమూ నాకు తెలుసు. టర్పెంటైన్ దూదితో నెగటివ్ తుడిచి, ఆమెను లోపలికి పిలిచి, కాగితం మీద దాని బొమ్మ పడనిచ్చి మందు నీళ్ళలో వేశాను. ఎర్ర దీపం కింద ముందు కట్టు తేలింది, తర్వాత గాయం. ఆ తర్వాత బొగ్గులా నల్లటి బొటనవేలు. దాన్ని పట్టుకున్న రెండు వేళ్ళూ నలుపే. ఒకదానికి రాయి ఉంగరం.

"ఇది మట్టి కాదమ్మా, సిరా," అన్నాను.

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ ఉంగరం మా ఆయనే చేయించాడు, తమ్ముడికని."

కంచే చేను మేసింది. గట్టు మీద నిలబడి నేను దాని మూతి తుడిచాను.

బయట బల్ల కిర్రుమంది. అడుగులు గుమ్మానికి వేసిన తెర దగ్గరికొచ్చి ఆగాయి.

"వదినా, ఫొటో తేలిందా?"

"లేదు ముత్యాలూ, ఇంకా మసగ్గానే ఉంది. కూర్చో," అంది ఆమె, గొంతు వణక్కుండా. అడుగులు కదల్లేదు. ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"సాయిబు గారూ, వెనక గుమ్మం ఉందా?"

నా చీకటి గదికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే.