ఆ రోజు బ్రిటా బాగుంది

ఓరిన్ గారికి నేను చెప్పింది ఒక్కటే. ఇల్లు సర్దవద్దని. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఫోన్లో రెండుసార్లు చెప్పాను, ఎదురుగా కూర్చుని ఒకసారి చెప్పాను, చాలక ఫ్రిజ్ మీద కాగితం అంటించి వచ్చాను. గురువారం నర్సు వస్తుంది, గిన్నెలు సింకులోనే ఉండనివ్వండి, బ్రిటాకి తల దువ్వకండి, మామూలు రోజు ఎలా ఉంటుందో అలాగే చూడనివ్వండి అని. ఆయన తలూపాడు. ఇరవై ఏళ్ళు సైన్యంలో సార్జెంటుగా చేసిన మనిషి తలూపితే మాట విన్నట్టే అనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నా నాకింకా బుద్ధి రాలేదు.

యుద్ధంలో దెబ్బతిని ఇంటికొచ్చిన వాళ్ళని చూసుకునే ఇంటి మనుషులకి అండగా ఉండటం నా ఉద్యోగం. మా కౌంటీలో అలాంటివాళ్ళు అరవై మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది భార్యలు, కొందరు తల్లులు. తండ్రి మాత్రం ఓరిన్ గారొక్కరే. అండ అంటే పెద్దగా ఏదో ఊహించుకోకండి. ఫోనెత్తుతాను, కాగితాలు నింపుతాను, ఏడిస్తే వింటాను. ఎవరికి ఏ సాయం అందాలో తేల్చేవాళ్ళు నగరంలో ఉంటారు. అందులో నా మాటకి పూచికపుల్ల విలువ లేదు.

ఆయన కూతురు బ్రిటా సైన్యంలో చేరి ఇరాక్‌లో లారీ నడిపేది. రోడ్డు పక్కన బాంబు పేలేనాటికి ఆమెకి ఇరవై మూడేళ్ళు. పైకి ఎక్కడా గాయం కనిపించదు, దెబ్బంతా తల లోపలే. స్టవ్ వెలిగించి మర్చిపోతుంది. మంచులో కాళ్ళకి ఏమీ లేకుండా నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. పది రోజులకోసారైనా ఫిట్స్ వస్తాయి. ఎవరైనా చేయిస్తే తప్ప స్నానం చేయదు. తల్లి కాన్సరుతో ఎప్పుడో పోయింది. పద్దెనిమిదేళ్ళుగా అన్నీ తండ్రే చేస్తున్నాడు.

ఆ సెప్టెంబరులో డాక్టరు ఆయన గుండె చూసి, కవాటం పాడైపోయింది, క్రిస్మస్ లోపు ఆపరేషన్ చేయకపోతే లాభం లేదన్నాడు. వారం ఆసుపత్రిలో ఉండాలి, తర్వాత రెండు నెలలు బరువెత్తకూడదు. అన్నాళ్ళు బ్రిటాని ఎవరు చూస్తారు? రాత్రింబవళ్ళు ఇంట్లోనే ఉండే మనిషిని మా ఆఫీసు పంపగలదు. కానీ ఈమెని నిత్యం కనిపెట్టుకుని ఉండాలి అని నర్సు రాస్తేనే పంపుతుంది. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ గురువారం.

"ఆ మనిషి రాకపోతే నేను ఆపరేషన్‌కి వెళ్ళను," అని ముందే తేల్చేశాడు ఓరిన్ గారు. "దాన్ని ఏ హోంలోనో పడేసి నేను మంచం మీద హాయిగా పడుకుంటానా? నన్ను ఎరగవా గ్లెండా?"

గురువారం పొద్దున పదింటికి వాళ్ళ ఇంటి ముందు కారు ఆపగానే తెలిసిపోయింది, ఆయన నా మాట వినలేదని. అక్టోబరులోనే పడిన మంచుని గుమ్మం దాకా గీత గీసినట్టు తవ్వి ఉంది. లోపల నేల తళతళలాడుతోంది. సింకులో ఒక్క చెంచా లేదు. బల్ల మీద కాఫీ, పక్కన వెన్న రాసి చుట్టిన లెఫ్సా రొట్టెలు. బ్రిటా ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల బిగించి జడ వేసుకుని, బూట్లతో కుర్చీలో కూర్చుని ఉంది. ఆ జడ వేసిందెవరో నాకు తెలుసు.

"ఏంటండీ ఇది?" అన్నాను గొంతు తగ్గించి. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"ఇన్‌స్పెక్షన్‌కి మనిషి వస్తుంటే ఇల్లు పెంటకుప్పలా పెట్టుకుంటామా? నాకు రాదమ్మా అలాగ." కాస్త సిగ్గుపడ్డాడు కూడా. "పుస్తకం నా దగ్గరే ఉందిలే. అడిగితే ఇస్తా."

ఆ పుస్తకం నేను రాయించిందే. ఏ రోజు ఏం జరిగిందో నెల రోజులుగా ఆయన చొక్కా జేబులో పట్టేంత చిన్న పుస్తకంలో రాస్తున్నాడు. సరే, అది ఉందిగా అని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

నర్సు ట్రూడీ వచ్చింది. మంచి మనిషే, ఆమె మీద నాకేం కోపం లేదు. అట్ట మీద కాగితాలు పెట్టుకుని బ్రిటా ఎదురుగా కూర్చుని, పూర్తి పేరు, సైన్యంలో హోదా అడిగింది. హోదా మాట వినగానే బ్రిటా వీపు నిటారుగా అయింది. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంటికి వస్తున్నాను, ఆమె అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పొద్దున మీ పనులు మీరే చేసుకుంటారా?"

"చేసుకుంటాను మేడమ్."

"స్నానం?"

"నేనే మేడమ్."

"మందులు?"

"టైముకి వేసుకుంటాను మేడమ్."

"వంట కూడా మీరేనా?"

"గుడ్లు వేయిస్తాను. నాన్న వంట తింటే మీరు కూడా సైన్యంలోంచి పారిపోతారు మేడమ్."

ట్రూడీ పకపకా నవ్వింది. ఓరిన్ గారు కూడా నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. బ్రిటా జోకు వేసింది మరి. నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. మెదడుకి దెబ్బ తగిలినవాళ్ళు పరాయి మనిషి ముందు గంటసేపు ఒళ్ళంతా బిగబట్టి మామూలుగా ఉండగలరు. ఆ గంటకి వెల తర్వాత రెండు రోజులు ఇంట్లోవాళ్ళు కడతారు. మాలో ఎవర్ని అడిగినా చెబుతారు.

ట్రూడీ ఓరిన్ గారి వైపు తిరిగింది. "మీరేమంటారు సార్? ఆమె చెప్పినవన్నీ తనే చేసుకుంటుందా?"

ఆయన చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే బ్రిటా తండ్రి వైపు చూసింది. బతిమాలుకుంటున్నట్టేమీ లేదు ఆ చూపు. పరీక్షలో అన్నీ రాసేసిన పిల్ల చూసినట్టు చూసింది. ఆయన చెయ్యి కిందికి దించేశాడు.

"చేసుకుంటుంది," అన్నాడు. "అన్నీ తనే చేసుకుంటుంది."

నాలాంటి ఉద్యోగులం ఆ గదిలో కూర్చోవచ్చు, మాట్లాడకూడదు. అయినా ఆగలేక, "ట్రూడీ గారూ, పోయిన నెలే ఈమె..." అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తింది. "గ్లెండా గారూ, మీరు వద్దు," అంది నెమ్మదిగా.

బయట కారు దగ్గర ఆమెని పట్టుకున్నాను. "నాకు తెలీదనుకుంటున్నారా?" అంది, చేతికి గ్లవుజు తొడుక్కుంటూ. "నేను చూసింది రాయాలి, విన్నది రాయాలి. తండ్రీ కూతురూ ఇద్దరూ ఒకే మాట చెప్తే మూడో మాట నేనెక్కడ్నుంచి తేను?"

లోపలికి వెళ్ళేసరికి బ్రిటా బూట్లతోనే సోఫాలో ఒరిగి నిద్రపోతోంది. ఓరిన్ గారు కాఫీ కప్పులు కడుగుతున్నాడు.

"చూశావా దాన్ని?" అన్నాడు.

"చూశాను. అందుకే తల గోడకేసి కొట్టుకోవాలనుంది. మీ ప్రాణం మీదికి తెచ్చుకున్నారు, తెలుసా?"

"తెలుసు."

"మరెందుకన్నారు ఆ మాట?"

కప్పు తుడవడం ఆపాడు. "పద్దెనిమిదేళ్ళకి నా కూతురు నలుగురిలో తలెత్తుకుని కూర్చుంది. దాని ఎదురుగానే, ఇదంతా అబద్ధమమ్మా, దీనికి స్నానం నేనే చేయిస్తాను అని ఆవిడతో చెప్పమంటావా? నావల్ల కాలేదు గ్లెండా."

తిడదామనుకున్నాను, తిట్టలేకపోయాను. ఇంకో తువ్వాలు తీసుకుని ఆయన పక్కన నిలబడి కప్పులు తుడిచాను. నేను బయల్దేరకముందే బ్రిటాకి ఫిట్స్ వచ్చాయి. ఆ రోజు రెండుసార్లు వచ్చాయి.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. ఇంట్లో మనిషిని పెట్టాల్సిన అవసరం కనిపించలేదని అందులో ఉంది. మళ్ళీ పరిశీలించమని అడగవచ్చు, దానికి నెల గడువు ఉంది. ఓరిన్ గారు ఆ రోజు చెప్పింది నిజం కాదని రాసి సంతకం చేసి, ఆ పుస్తకం జతచేస్తే చాలు. కాగితం నేనే తయారు చేసి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. చివర్లో చిన్న అక్షరాలు కూడా చదివాడు.

"దీని కాపీ బ్రిటాకి వస్తుందా?"

"దరఖాస్తు ఆమె పేరు మీద ఉంది కదండీ. పంపాలి."

"అది చదువుతుంది. కూడబలుక్కుంటూ రెండు రోజులు పట్టినా సరే, చదువుతుంది." కాగితం మడిచి నా చేతికిచ్చాడు. "కాపీ రాకుండా చెయ్యి, ఇప్పుడే సంతకం పెడతా."

నలుగురు ఆఫీసర్లకి ఫోన్లు చేశాను. చట్టం ఒప్పుకోదన్నారు. చర్చిలో ఆడవాళ్ళని అడిగితే వంతులవారీగా భోజనానికి హాట్‌డిష్ వండి తెస్తామన్నారు, మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటామన్నారు, రాత్రిళ్ళు ఫిట్స్ వస్తే మాకు భయం అన్నారు. ఫార్గోలో ఉన్న ఆయన మేనకోడలికి ముగ్గురు చిన్నపిల్లలు, రాలేనంది. ఒకరోజు ఆఫీసులో తలుపేసుకుని, ఆయన సంతకం నేనే పెట్టేద్దామా అని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పెట్టలేదు. పెట్టాల్సిందని ఇవాళ్టికీ అనుకుంటాను.

గడువు దాటిపోయింది. ఆపరేషన్ తేదీని ఆయనే ఫోన్ చేసి రద్దు చేసుకున్నాడు. "వసంతంలో చూద్దాంలే," అన్నాడు నాతో, నన్ను ఊరడిస్తున్నట్టు.

డిసెంబరు పదకొండున ఉత్తరాలు తెచ్చే ఆవిడ కిటికీలోంచి చూసి అంబులెన్సుని పిలిచింది. ఓరిన్ గారు వంటింట్లో నేల మీద పడి ఉన్నాడు. తల కింద దిండు పెట్టి, తన కోటు ఆయన మీద కప్పి, బ్రిటా పక్కనే కూర్చుని ఉంది. ఫోను ఆమె చేతిలోనే ఉంది. ఏ నంబరు నొక్కాలో గుర్తు రాలేదట. అలా ఎంతసేపు కూర్చుందో ఎవరికీ తెలియదు. ఆయన ఆసుపత్రి దాకా వెళ్ళలేదు, దారిలోనే పోయాడు.

ఆయన పర్సులో నా కార్డు ఉండటంతో నన్ను పిలిచారు. అంత్యక్రియలయిన మర్నాడు బ్రిటాని కారులో ఎక్కించుకుని, తొంభై మైళ్ళ దూరంలో ఉన్న హోంకి నేనే తీసుకెళ్ళాను. ఆయన దేనికి భయపడ్డాడో అక్కడికే. దారిలో రెండుసార్లు చెప్పాను, నాన్న లేడమ్మా అని. రెండుసార్లూ "ఊఁ" అంది.

చేర్చుకునే ముందు అక్కడి నర్సు ప్రశ్నలు అడగాలి కదా, అడిగింది.

"స్నానం మీరే చేస్తారా?"

బ్రిటా పక్కకి తిరిగి, నా అవతల ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసింది. "నాన్నని అడగండి."

"మందులు ఎవరిస్తారు?"

"నాన్నని అడగండి."

"రాత్రిళ్ళు ఒక్కరే పడుకోగలరా?"

"నాన్నని అడగండి మేడమ్."

నర్సు ఇంక అడగలేదు. మిగతా గడులన్నీ తనే నింపేసింది. నిత్యం కనిపెట్టుకుని ఉండాలి అని కింద రాసి ముద్ర వేసింది. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. దగ్గరి కుటుంబ సభ్యులు ఎవరూ లేరని రాసి నన్నే సంతకం పెట్టమంది, పెట్టాను.

బ్రిటా నా చెయ్యి పట్టుకుని కుదిపింది. "గ్లెండా, సరిగ్గా చెప్పానా?"

"సరిగ్గానే చెప్పావమ్మా," అన్నాను.